తట్టేకాడ్ అడవిలో పక్షుల జాడ తీసే విద్య

కేరళలోని ఎర్ణాకుళం జిల్లాలో, పెరియార్ నది ఒడ్డున దాదాపు 25 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన తట్టేకాడ్ అడవి పక్షిసంపదను 1930లలో తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల పక్షుల సర్వే చేసిన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ వెలుగులోకి తేగా, 1983లో అది పక్షుల అభయారణ్యమై, ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. అయినా కొత్తగా వెళ్లినవారికి అక్కడ ఆకులే తప్ప పక్షులు అంతగా కనిపించవు. ఉష్ణమండల అడవిలో చెట్లు అంతస్తులుగా పెరిగి, పై కొమ్మలు వెలుతురును అడ్డగించడంతో చూపు దూరం పోదు. ఆ లోటును తీర్చేది స్థానిక గైడ్ల నేర్పు.

ఈ నేర్పులో చెవిదే మొదటి స్థానం. కూత విని పక్షి పేరు చెప్పడంతో గైడు పని ముగియదు. అది జతను పిలిచే కూతా, హద్దును చాటే కూతా, ఆపదను తెలిపే కూతా అని వేరు చేసి, పొదల్లోంచి వచ్చిందో చిటారుకొమ్మ నుంచి వచ్చిందో అంచనా కట్టి, దుర్భిణిని ఎటు తిప్పాలో నిర్ణయిస్తాడు.

రెండవది పక్షుల పొత్తును చదవడం. వేర్వేరు జాతుల పక్షులు కలిసి మేత వెదుకుతూ సాగే బృందాన్ని మిశ్రమ గుంపు అంటారు. పసుల పోలిగాడి కుటుంబానికే చెందిన రాకెట్ తోక డ్రోంగో ఇందులో తరచుగా కనిపిస్తుంది; తోక నుంచి సాగిన రెండు సన్నని ఈనెల కొసల్లో కుచ్చులుండే ఈ నల్లని పక్షి, బాబ్లర్లూ వడ్రంగి పిట్టలూ కదిలించిన పురుగులను గాలిలోనే పట్టుకుంటూ, డేగ కనబడితే కేకవేసి మిగతావాటిని హెచ్చరిస్తుంది. దాని అరుపు వినగానే గైడు నడక ఆపి, గుంపు తనంతట దగ్గరికి వచ్చేదాకా ఆగుతాడు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష శ్రీలంక ఫ్రాగ్‌మౌత్‌ది. వెడల్పాటి నోరుగల ఈ రాత్రించర పక్షులు పగలంతా తీగల మధ్య జంటగా, కళ్లు మూసుకుని, ముక్కు పైకెత్తి కదలకుండా కూర్చుంటాయి. మగది బూడిద రంగులో, ఆడది తుప్పు రంగులో ఉండటంతో రెండూ కలిసి ఎండుటాకుల గుత్తిలా భ్రమింపజేస్తాయి. బెదరగొట్టకపోతే అవి అదే చోటికి మళ్లీ మళ్లీ వస్తాయి కనుక, ఆ కొమ్మను గుర్తుంచుకోవడమూ, చూడవచ్చినవారిని దూరాన నిలిపి గొంతు తగ్గించమనడమూ విద్యలో భాగమే. రికార్డు చేసిన కూతలు పదేపదే వినిపించి పక్షిని రప్పించడం దాని మేతకూ గూడుకూ చేటు కాబట్టి, మంచి గైడు దానికి ఒప్పుకోడు.

ఈ జ్ఞానం విలువ విహారయాత్రలతో ఆగదు. 1900 తరువాత జాడలేక అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ బయటపడినప్పుడు, దాన్ని రాత్రివేళ పట్టుకున్నది శాస్త్రవేత్త కాదు, ఆ చిట్టడవి గుట్టు తెలిసిన స్థానిక పిట్టల వేటగాడు. పుస్తకం పక్షి రూపాన్నీ రంగునూ చెబుతుంది. ఏ వేళ ఏ పొదలో వెదకాలో చెప్పగలిగేది అక్కడే బతికిన మనిషి. కనుక గైడుకిచ్చే సొమ్మును దారి చూపిన కూలిగా కాక, క్షేత్ర పరిశోధనలో అతని వాటాగా లెక్కించడమే న్యాయం.