చెమ్మచెక్కలో తాళం

సైనిక్‌పురిలో ఓ సంగీతం టీచరమ్మ పిల్లల్ని మొదటిరోజే సరళీ వరసలకు కూర్చోబెట్టదు. ఎదురెదురుగా నిలబెట్టి చెమ్మచెక్క ఆడిస్తుంది. చప్పట్లు కుదిరాక 'తకిట'కు మూడడుగులు, 'తకధిమి'కి నాలుగు. మధ్యలో ఒక దెబ్బ మింగేయమంటుంది. అసలు విద్య అక్కడే ఉంది: చెయ్యి ఆగినా లెక్క లోపల నడవాలి. తొందరపడ్డ పిల్లాణ్ణి తిట్టదు. పాట మళ్లీ ఎత్తుకుంటుంది, వాడే దారిలో పడతాడు. ఆ ఓపికకు నా దండం. హంగరీలో జోల్తాన్ కొడాయ్ (1882–1967) కూడా పసివాళ్లకు సంగీతం జానపదాలతో, ఆటపాటలతో మొదలుకావాలన్నాడు. మన బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల చప్పట్లదీ ఆ బడే. కొన్ని వారాలకు ఆదితాళం వస్తుంది: ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్లు, ఆపైన రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం 8 అక్షరాలు. అప్పటికే అది ఆ పిల్లల పాదాలకు తెలిసిన నడక.