షట్కోణ నక్షత్రము: ఆకారము, అర్థము, మన ప్రసంగములు

తెలుగు సంఘములలో ఆరు కోణముల నక్షత్రమును గూర్చి రెండు బోధలు వినబడుచున్నవి. అది దావీదు తన కేడెముపై ధరించిన గుర్తు గనుక మందిర గోపురముపై ఉంచుట ఆశీర్వాదమని కొందరందురు. అది యంత్రములలోని షట్కోణమనియు, ఆమోసు 5:26 ఖండించిన నక్షత్రమనియు, కనుక శాపమనియు మరికొందరందురు. పరస్పర విరుద్ధములుగా కనబడు ఈ రెండు బోధలకు మూలము ఒకటే: ఆకారములోనే అర్థము స్థిరముగా ఉన్నదను తలంపు. ఈ తలంపు లేఖనము ముందుగాని చరిత్ర ముందుగాని నిలువదు.

లేఖన పరిశీలన

దావీదు కేడెముపై నక్షత్రమున్నట్లు లేఖనములలో ఎక్కడను లేదు. 2 సమూయేలు 22:3 ప్రకారము దావీదునకు దేవుడే కేడెము. యూదుల ప్రార్థనలో 'మాగెన్ దావీదు' (దావీదు కేడెము) అనునది దేవుని బిరుదు. నక్షత్రమునకు ఆ పేరు తరువాత వచ్చినది. ఆమోసులోగాని, సంఖ్యాకాండము 24:17లోగాని, మత్తయి 2వ అధ్యాయములోగాని నక్షత్రమునకు ఎన్ని కోణములో చెప్పబడలేదు. చెప్పబడని లెక్కపై సిద్ధాంతము కట్టుట వ్యాఖ్యానము కాదు.

చరిత్ర పరిశీలన

కపెర్నహూము సమాజమందిర శిథిలములలో షట్కోణ నక్షత్రముతో పాటు పంచకోణ నక్షత్రము కూడ అలంకారముగా చెక్కబడియున్నది. అరబ్బు లోకములో ఈ రూపము సొలొమోను ముద్రగా పేరొందినది. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి గోడలపైనను ఇది కలదు. మన దేశమున పైకి చూచు త్రిభుజము శివునికి, క్రిందికి చూచునది శక్తికి సంకేతము. ప్రాచీన యూదుల ముఖ్య చిహ్నమో, ఏడు కొమ్మల దీపస్తంభము. రోములోని టైటస్ విజయతోరణముపై కనబడునది అదే. షట్కోణ నక్షత్రము ప్రేగ్ యూదుల నుండి ఐరోపాలో వ్యాపించి, 1897లో బాసెల్‌లో జరిగిన సీయోనువాదుల మహాసభతో జాతీయ చిహ్నమై, 1948లో ఇశ్రాయేలు పతాకమునకెక్కినది. ఈ రెంటి నడుమ, 1941లో జర్మనీలో ఆరేండ్లు నిండిన ప్రతి యూదుడు పసుపు నక్షత్రమును వస్త్రముపై కుట్టుకొనవలెనని నాజీలు శాసించిరి. అవమానమునకై అంటించిన గుర్తునే ఆ ప్రజలు తమ గౌరవ చిహ్నముగా నిలుపుకొనిరి.

మన నేలపై

గుర్తు అర్థము మారుటకు ఖిలా వరంగల్‌లోనే దృష్టాంతమున్నది. ఇక్కడి కాకతీయ తోరణములు స్వయంభూ శివాలయ ద్వారములు. 2014లో ఆ తోరణము తెలంగాణ రాష్ట్ర చిహ్నములో చేరినది. ఆ ముద్రగల కాగితమును అందుకొను క్రైస్తవుడు శివాలయ ద్వారమునకు మ్రొక్కుచున్నాడని ఎవరును అనరు. రాయి అదే, వాడుక వేరు.

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెములో 1991లో సమాజమందిరము స్థాపించుకొనిన బెనె ఎఫ్రాయిము వారిని కూడ ఈ వెలుగులో చూడవలెను. మాదిగ నేపథ్యముగల ఈ తెలుగు కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొనుచున్నవి. వారి వంశవాదము చర్చనీయమైనను, నక్షత్రము వారికి అలంకారము కాదు. తాము ఎవరో చెప్పుకొను మాట. అదే నక్షత్రమును మనము ఆశీర్వాద తాయెత్తుగా గోపురమున కట్టుట తగునా?

ముగింపు

కనుక బోధకుడు కోణములను లెక్కించుటకు ముందు, ఈ గుర్తును ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఉంచిరని అడుగవలెను. అట్లు అడిగినవాడు పొరుగువాని ముగ్గును శాపమనడు, పొరుగువాని గాయమును అలంకారముగా ధరింపడు. ప్రకటన 22:16లో వేకువ చుక్క ఒక వ్యక్తి. ఆయనను ప్రకటించుటకు ఆరు కోణములు అవసరము లేదు.