గజ్జలోని నొప్పికి ఉష్ణమాపకము

థర్మామీటరును వేడినీటిలో ఉంచినచో పాదరసము దానంతట అదే పైకి పోవును. నీటి అభిప్రాయమును మనము అడుగనక్కరలేదు. హెర్నియా శస్త్రచికిత్స జరిగిన పిమ్మట నెలల తరబడి గజ్జలో నొప్పితో బాధపడువారిని పరీక్షించు ఉష్ణ పరికరము ఇట్టిది కాదు. 2000 తరువాత డెన్మార్కు దేశములో కేలెట్, ఆస్వాంగ్ మున్నగువారు ఈ పరీక్షను విరివిగా ఉపయోగించినారు. వారి పని శ్రద్ధగా చేసినదే. అయితే అందు లభించు అంకెలను ఎట్లు చదువవలెనన్నదే చిక్కు.

గజ్జ చర్మముపై ఒక చిన్న పలకను ఆనించుదురు. దాని ఉష్ణోగ్రత సాధారణముగా 32 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మొదలై సెకనుకు 1 డిగ్రీ చొప్పున పెరుగును. వెచ్చదనము తెలియగానే రోగి మీట నొక్కవలెను. మరియొకసారి నొప్పి పుట్టగానే నొక్కవలెను. చర్మము కాలకుండ 50 డిగ్రీల దరి ఆపివేయుదురు. చల్లదనమునకును ఇట్లే.

మొదటి ఆక్షేపణ మన విద్యార్థులు కూడ లెక్కకట్టగలిగినది. వెచ్చదనపు వార్తను మోయు సన్నని నాడీతంతువులలో దాని వేగము సెకనుకు సుమారు 1 మీటరు మాత్రమే. గజ్జనుండి వెన్నుపామునకు 30 సెంటీమీటర్లనుకొన్నచో అక్కడికి చేరుటకే 0.3 సెకను పట్టును. ఈలోగా పలక 0.3 డిగ్రీ వేడెక్కినది! ఆపైన మెదడునకు తెలియవలెను, వ్రేలు కదలవలెను. రోగి ఏమరుపాటు, భయము కూడ అంకెలో చేరును. మూడుసార్లు కొలిచి సగటు తీసినను ఈ ఆలస్యము పోదు. రెండవ వైపు గజ్జను కూడ కొలిచి భేదము తీసినచో చాలవరకు పోవును. కాని ఆ వైపు నాడుల తీరు కూడ మారియుండవచ్చును.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ వారి ఫలితములలోనే ఉన్నది. శస్త్రచికిత్సలో గజ్జ నాడులు తెగుటయో నలుగుటయో జరిగినచో అచ్చట వెచ్చదనము ఆలస్యముగా తెలియును. నొప్పి ఉన్నవారిలో ఇట్టి లోపములు కనబడినవి. కాని నొప్పి ఏమాత్రము లేనివారిలోను అవి కనబడినట్లు 2010లో వారే ప్రకటించినారు. కావున ఈ అంకె నాడి పనితీరును గూర్చి చెప్పునేగాని నొప్పిని కొలువదు. అంకెలు మామూలుగా ఉన్నవని చెప్పి రోగిమాటను త్రోసిపుచ్చుటకు ఈ పరీక్ష ఆధారము కాజాలదు.

నాకు ఎక్కువ నచ్చినది వారి మరియొక పరీక్ష. శస్త్రచికిత్సకు ముందే 47 డిగ్రీల పలకను ఆనించి, నొప్పి ఎంతయో రోగినే అడిగినారు. ఆ జవాబు వలన తరువాత రాబోవు నొప్పిని ఊహించుటకు కొంత ఆధారము దొరకినది. అందు డిగ్రీ స్థిరము. మారునది రోగి చెప్పిన మాట.