ఐబో వైద్యులు

సోనీ 1999లో ఐబో అనే రోబో కుక్కను అమ్మకానికి పెడితే, 2,50,000 యెన్ల ధరకు కూడా జపాన్‌లో 3,000 కుక్కలు 20 నిమిషాల్లో అమ్ముడుపోయాయి. 2006లో తయారీ ఆగింది, 2014లో మరమ్మతులూ ఆగాయి. అప్పుడు వాటిని చేరదీసింది ఏ-ఫన్ సంస్థలోని సోనీ మాజీ ఇంజనీర్లు. వాళ్ల పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

ఐబోల్లో ఈఆర్‌ఎస్-210 అనే రకానికి పేరుపడ్డ జబ్బొకటుంది. మెడలోని క్లచ్ పట్టు తప్పితే తల వాలిపోతుంది, మోటారు తిరుగుతున్నా లేవదు. దాన్ని బాగుచేయాలంటే చిన్న చిన్న మరలు విప్పి, సన్నని వైర్లు తెగకుండా మెడ లోపలిదాకా వెళ్లాలి. ఎంత ఓపిక కావాలో! పైగా కొత్త విడిభాగాలు రావు. పనిచేయని మరో ఐబో నుంచి తీసి అమర్చాల్సిందే.

అలా భాగాలు ఇచ్చే కుక్కలకు ముందుగా చిబా ప్రాంతంలోని కోఫుకుజి ఆలయంలో బౌద్ధ పూజారి అంత్యక్రియలు జరిపించేవారు. ఆ తర్వాతే విప్పడం. నాకిది సరైన మర్యాద అనిపిస్తుంది, ఎందుకంటే అవి ఇళ్లల్లో ఏళ్ల తరబడి పేరుపెట్టి పిలిపించుకున్నవి. పూజలో వరుసగా కూర్చోబెట్టిన ప్రతి కుక్కకూ ఒక చీటీ కట్టి ఉండేది. అది ఏ ఊరిదో, ఏ ఇంటిదో అందులో రాసేవారు.