పుప్పొడి సాక్ష్యము ఎంతవరకు నమ్మదగినది?

ఒక సరస్సు అడుగుపొరలో పైన్ చెట్ల పుప్పొడి నూటికి సగము కనబడినచో, ఆ కాలమున అచ్చట పైన్ అడవి యుండెననియు, అడవి పెరిగినది గనుక చలి కొంత తగ్గియుండెననియు చెప్పుట సులభము. హిమయుగమును గూర్చిన పాఠములలో ఈ తర్కము మిక్కిలి తేటగా తోచును. కాని సాక్షి చెప్పిన మాట వేరు, విన్నవారు దానికి చేర్చిన మాట వేరు. ఆ రెంటిని విడదీసి చూడనిదే పుప్పొడి విలువ తెలియదు.

సాక్షి మంచిదే. పుప్పొడి రేణువు పైపొర చాల గట్టిది. గాలి సోకని బురదలో అది వేలకొలది సంవత్సరములు చెడకుండును. దాని ఆకారమును, పైనున్న చాళ్ళను, రంధ్రములను సూక్ష్మదర్శినిలో చూచి, అది ఏ కుటుంబపు మొక్కదో, తరచు ఏ ప్రజాతి మొక్కదో గుర్తింపవచ్చును. స్వీడన్ దేశపు భూవిజ్ఞాని లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో, నేటి ఓస్లో నగరమున ఇచ్చిన ఉపన్యాసములో, ఒక్కొక్క పొరలోని పుప్పొడిని శాతములుగా లెక్కించి పటము గీయు పద్ధతిని లోకమునకు చూపెను. ఆ పటములే తరువాతి పరిశోధనకు పునాదులైనవి.

చిక్కు ఆ శాతములలోనే ఉన్నది. తరగతికి వచ్చినవారిలో సగముమంది ఒకే ఊరివారని చెప్పినంత మాత్రమున, వచ్చినవారు నలుగురో నలుబదిమందియో తెలియదు. శాతము పాలును మాత్రమే చెప్పును, మొత్తమును చెప్పదు. మొక్కలు అరుదైన శీతలభూమిలో స్థానికముగా రాలు పుప్పొడి బహుస్వల్పము. అప్పుడు దూరపు అడవులనుండి గాలికి కొట్టుకొనివచ్చిన పైన్ రేణువులు కొన్నియే అయినను, శాతములో పెద్దపాలు ఆక్రమించును. నేలపై లేని అడవి పటములో మొలచును.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున రోజర్స్ సరస్సు ఇందుకు నిదర్శనము. మార్గరెట్ డేవిస్, ఎడ్వర్డ్ డీవీ అను శాస్త్రజ్ఞులు కార్బన్-14తో బురదపొరల వయస్సును నిర్ణయించి, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై ఏటికి ఎన్ని రేణువులు పడినవో లెక్కగట్టి 1964లో ప్రకటించిరి. అడుగుపొరలలో చెట్ల పుప్పొడి శాతము తక్కువేమి కాదు. కాని ఏటికి పడిన మొత్తము మిక్కిలి స్వల్పము. ఆనాడు అచ్చట ఉన్నది అడవి కాదు, చెట్లు లేని టండ్రా. ఈ లెక్కయు నిర్దుష్టము కాదు. నీటి కదలికకు బురద లేచి మరియొకచోట పేరుకొన్నచో లెక్క మారిపోవును. ఈ లోపమును పరిశీలించి చూపినవారిలో డేవిస్ కూడ ఒకరు.

ఇక హిమపటలపు హద్దుల మాట. కనెక్టికట్ ఒకప్పుడు మంచుక్రింద ఉండెను. మంచు తొలగిన పిమ్మటనే అచ్చటి సరస్సులలో బురద చేరినది. కావున అట్టడుగు బురద వయస్సు, మంచు ఆ నాటికే తొలగెనని మాత్రము చెప్పును. ఎంత ముందుగా తొలగెనో చెప్పదు. హిమయుగపు తీవ్రదశలో సైతము ఎడతెగక పుప్పొడి చేరిన సరస్సు, మంచు తనను కప్పలేదని సాక్ష్యమిచ్చును. ఈ రెండు విధముల సాక్ష్యమునకు, మంచు తోసి వదలిన రాళ్ళగుట్టలను జతచేసినప్పుడే హద్దు తేలును.

మరియొక పొరపాటు, మొక్కను ఉష్ణమాపకముగా ఎంచుట. సుమారు 21,000 సంవత్సరముల క్రిందట గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళలో 190 పాళ్ళు మాత్రమే ఉండెను. యంత్రపరిశ్రమలకు ముందు అది 280. ఆ వాయువు తగ్గినపుడు, కొంత ఆహారము చేసికొనుటకు మొక్క ఎక్కువ నీటిని కోల్పోవలెను. అందువలన చెట్లు వెనుకబడి, ఉష్ణదేశములలోని కొన్ని గడ్డిజాతులు ముందుకు వచ్చును. బురుండీ కొండలలో ఆనాడు అడవి తొలగి పొదలు వచ్చినట్లు పుప్పొడి చెప్పుచున్నది. ఆ మార్పునకు చలి పెరుగకున్నను, ఈ వాయువు తగ్గుట ఒక్కటే చాలునని జాలీ, హాక్సెల్టైన్‌లు 1997లో గణితనమూనాతో చూపిరి. చలి పెరుగలేదని దీని భావము కాదు. పుప్పొడిలోని మార్పునంతటిని చలి ఖాతాలో వ్రాయరాదని భావము.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. రేపటి వేడిని అంచనా వేయు గణితనమూనాలు నిన్నటి చలిని సరిగా చూపగలవో లేదో పరీక్షింపబడుచున్నవి. నిన్నటి లెక్క తప్పినచో ఆ పరీక్షయే తప్పును. అందుచే ఉపాధ్యాయుడు పుప్పొడి పటమును తరగతిలో చూపునప్పుడు మూడు ప్రశ్నలు వేయింపవలెను: ఇది పాలా, మొత్తమా? ఈ రేణువు ఇక్కడిదా, గాలి తెచ్చినదా? ఈ మార్పునకు చలి గాక వేరొక కారణము కలదా? ఈ ప్రశ్నలకు నిలిచిన సాక్ష్యమునే నమ్మవలెను.