ఫుకో సన్నిధిసాధన: ట్వారెగు కవితాసంపుటముల సాక్ష్యము

మతగురువు వ్రాతలలో ధ్యానలేఖలను ముందుగా చదువుట వాడుక. షార్ల్ ద ఫుకో (1858–1916) విషయమున ఈ క్రమమును మార్చవలెనని మా అభిప్రాయము. అన్యులనడుమ శాంతముగా నుండుటయే క్రైస్తవసాధనమని అతడు విశ్వసించినట్లు లేఖలవలన తెలియును. ఆ విశ్వాస మెంతవరకు ఆచరణమైనదో తెలియవలెనన్న అతడు సేకరించిన ట్వారెగు కవితలను, కూర్చిన నిఘంటువును చూడవలెను.

ఫుకో మొదట ఫ్రెంచి సైనికోద్యోగి. పిదప ట్రాపిస్టు సన్న్యాసి. నజరేతులో కన్యకామఠమున పనివాడుగా నుండి, 1901లో గురుపట్టము పొంది, 1905లో సహారా నడుమనున్న తమన్‌రాసెత్ చేరెను. బోధకు వెడలకమునుపు యేసు గడపిన అజ్ఞాతజీవితమే అతని కాదర్శము. ముస్లిములైన ట్వారెగులు ఎన్నటికైన క్రైస్తవులు కావలెనని అతడు కోరకపోలేదు. అది తన కాలమున జరుగదని యెంచి, వారి భాష నేర్చుటకు పూనుకొనెను.

1907 క్రిస్మసునాడు తోడు నిలుచు క్రైస్తవుడొక్కడైన లేనందున అతడు బలిపూజ చేయలేకపోయెను; ఒంటరిగా చేయుటకు అప్పటి కనుమతి లేదు. మరుసటి జనవరిలో మంచము పట్టెను. అది కరవుకాలము. ఇరుగుపొరుగు ట్వారెగులు ఎక్కడెక్కడి మేకలపాలో వెదకి తెచ్చి త్రాగించి బ్రదికించిరి. అంతవరకు ఇచ్చువాడై యుండినవాడు పుచ్చుకొనువాడాయెను. పరులకడ నుండుట యనగా వారికి ఋణపడుటయు నని ఇచ్చట గ్రహింపవలెను.

ఈ ఋణభావమే కవితాసంపుటములలో పద్ధతిగా మారినదని మాకు తోచుచున్నది. 1925, 1930లలో వెలువడిన ఆ రెండు సంపుటములలో కవి పేరు, చెప్పిన సందర్భము, మూలము, అనువాదము ఉన్నవి. కవులలో స్త్రీలు పలువురు. ప్రణయగీతములు కొల్లలు. బ్రహ్మచారియైన సన్న్యాసి వానిని తగ్గింపలేదు, నీతులు చేర్చలేదు. స్త్రీలు ఇమ్‌జాద్ అను ఒంటితీగవాద్యమును వాయింపగా యువజనులు కూడు అహాల్ గోష్ఠులు అతని తపస్సునకు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. ఐనను ఆ గోష్ఠులలో పుట్టిన మాటను అతడు శ్రద్ధగా వ్రాసికొనెను. ఒక్క సాయంకాలమున పల్లెకు పోయి నోటుపుస్తకము నింపుకొని వచ్చు మన జానపదగేయ పరిశోధకులకు ఈ ఓర్పు కొంత యిబ్బంది కలిగింపవచ్చును. గ్రంథములపై తన పేరుండరాదనియు, 1907లో మరణించిన సహపండితుడు మోతిలిన్‌స్కీ పేరిట వెలువరింపవలెననియు అతడు కోరెను. నాలుగు సంపుటముల నిఘంటువు 1951–52లలో ఫుకో చేవ్రాతతోడనే అచ్చయినది.

అతనిని 2022లో పునీతుల జాబితాలో చేర్చిరి. అప్పటినుండి ప్రశంస మిక్కుటమై ఒక విషయము మరుగుపడుచున్నది. ఫుకో తమన్‌రాసెత్‌లో నిలువగలుగుటకు ఫ్రెంచి సైన్యము ఆ ఎడారిని లోబరచుకొనుట కారణము. సేనానులు అతని మిత్రులు. వారికి అతడు వార్తలు వ్రాయుచుండెను. 1916లో ప్రజల రక్షణకని కట్టించిన చిన్నకోటలో సైన్యమిచ్చిన తుపాకులుండెను. ఇది అతని సాధనను అసత్యము చేయునని మేమనము. కాని ‘శాంతసన్నిధి’ యను పదమును అతని కన్వయించునపుడు ఈ తుపాకులను లెక్కింపక విడుచుట విమర్శ కాదు. జేతకు కడగొట్టు ఆసనముకూడ ఇష్టముపై నెన్నుకొన్నదే. జితునికి ఆ యెన్నిక లేదు. కవితలలో ఈ భేదము తగ్గినది. అచ్చట ట్వారెగు పలుకును, ఫుకో వినును. లేఖలలో అంతగా తగ్గలేదు.

1916 నవంబరు చివర కవితల శుద్ధప్రతి ముగిసినది. డిసెంబరు 1 సాయంకాలము సెనూసీ పక్షపు దండువారు వచ్చిరి. పరిచితుని పిలుపు విని ఫుకో తలుపు తీసెను. బంధించినవారు కంగారులో కాల్చిరి. కోటను దోచిరి. కొన్నివారములకు ఫ్రెంచి సైనికులు వచ్చి, చెదరిపడియున్న అతని కాగితములను ఏరి భద్రపరచిరి.