మన్యపుటేళ్లలో చేపలవేట

మరపడవను దినమునకు బాడుగకు మాట్లాడుకొని, తీరరేఖ కనుమరుగగునంతవరకు పోయి, పగలంతయు అగాధజలములపై గడపి, ఒక్క పెద్దచేపను గాలమునకు తగిలించి తెచ్చుట నేడు లోకమున పలుచోట్ల సంపన్నుల వినోదము. ఆ వినోదమును నేను నిందింపను. కడలి లోతున తిరుగు ప్రాణిని సన్నని దారముతో గెలుచుటయు నేర్పే. కాని చేప యెక్కడ నుండునో చెప్పగల విద్య ఆ వేటలో పడవ నడుపువానిది, వేటాడువానిది కాదు. ఆ విద్యయే సర్వస్వముగా, పడవ యక్కరయే లేక, వెదురును, రాతిని, తన చేతిని నమ్ముకొని సాగు మత్స్యవేట యొకటి, మన తూర్పుసముద్రమునకు ఎంతో దూరము కాని చోటనే, సుమారు 900 మీటర్ల ఎత్తున, అరకు లోయ చుట్టునున్న కొండలలో తరతరములుగా నిలిచియున్నది.

ఆ కొండల నీరు రెండు దిక్కులకు పోవును. గోస్తని బొర్రా గుహల ప్రాంతమున పుట్టి తూర్పునకు దిగి భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియును. మాచ్‌ఖండ్ నది మాడుగుల కొండలలో జనించి, ఉత్తరముగా పారి, డుడుమవద్ద మహాప్రపాతమై దుమికి, సీలేరను పేరుతో దక్షిణమునకు మరలి, శబరిలో చేరి, దానితోగూడ కూనవరమువద్ద గోదావరిని ప్రవేశించును. ఈ నదుల పైపాయలు లోతులేనివి, రాళ్లతో నిండినవి, వేగము గలవి. పల్లపు చెరువులలో చెల్లు పెద్దవలలు ఇచట రాళ్లకు చిక్కి చినిగిపోవును. కావున ఇచటి వేటకు సాధనము వేరు, సమయము వేరు, చూపు వేరు.

ఆషాఢశ్రావణములలో తొలివరదకు నీరెర్రబారినంతనే చేపలు గుడ్లుపెట్టుటకై ప్రవాహమునకెదురుగా పిల్లకాలువలలోనికిని, లోయలలోని మెట్లమెట్ల వరిమళ్లలోనికిని ఎక్కును. ఆశ్వయుజకార్తికములలో మళ్లనీరు తీయుచుండగా అవియు, వాని సంతతియు దిగువకు మరలును. ఈ రాకపోకల నెరిగినవాడే మావును పన్నగలడు. మావనగా చీల్చిన వెదురుపుల్లలతో పొడవుగా అల్లిన బుట్ట. దాని వెడల్పైన నోటిలోపల, మొనలు లోనికి వంగి క్రమముగా సన్నగిల్లు పుల్లల వలయ మొకటి యుండును. చేప తన ఒంటితో ఆ పుల్లలను త్రోసికొని లోనికి జొరబడును గాని, వెనుదిరిగినపుడు వాని మొనలే దాని కెదురై నిలుచును. ఏటికడ్డముగా రాళ్లును, పచ్చిక గడ్డలును పేర్చి కట్టవేసి, నడుమ ఒక్క గండి విడిచి, ఆ గండిలో మావును బిగింతురు. చేప యెక్కుకాలమున మావు నోరు దిగువకును, దిగుకాలమున ఎగువకును ఉండవలెను. ప్రొద్దుగ్రుంకువేళ పెట్టినది తెల్లవారి తీయుదురు. మనుష్యుడు నిద్రించుచుండగా ఏరే వాని పని చేయును.

ఆ అల్లికలో పుల్లకును పుల్లకును నడుమ విడిచిన సందును తప్పక గమనింపవలెను. అంతకంటె చిన్నదైన చేపపిల్ల ఆ సందునుండి నీటితోపాటు జారిపోవును. తగినది మాత్రమే నిలుచును. నిలిచినదియు ప్రాణముతోనే యుండును గనుక, గుడ్లతో నిండినదానిని మరల ఏటిలో విడుచు నవకాశము వేటగానికి మిగులును. నాకు తెలిసినంతలో ఈ విద్యయొక్క న్యాయమంతయు ఆ సందులోనే యున్నది. వేట సాధనము యొక్క యోగ్యతను అది పట్టుకొన్నదానినిబట్టి గాక, విడిచిపెట్టినదానినిబట్టి నిర్ణయింపవలెను.

నీరు చిక్కి బురదయైన మళ్లలో ఊతతో పని. పైనను క్రిందను తెరపిగల ఆ శంఖాకారపు బుట్టను అడుగడుగునకును బురదలో గ్రుచ్చుచు పోవుదురు. లోపల చిక్కినది మట్టగిడసయో, మార్పో, బుట్టగోడకు తగులుకొన్న వెంటనే పైరంధ్రమునుండి చేయి చొనిపి తీయుదురు. వేసవిలో స్త్రీలును పిల్లలును ఏటిపాయ నొకదానిని మట్టికట్టతో మళ్లించి, మడుగునీటిని తోడివైచి, రాళ్లక్రిందినుండి చిన్నచేపల నేరుకొందురు. చోడి అంబలితో పూట గడుపు ఇంటికి, ముల్లుతోగూడ నమలదగిన ఆ పరకచేపలు చేయు మేలు పెద్దచేప చేయజాలదు.

ఈటెవేట యన్నిటికంటె కష్టతరము. నీటిలోని చేప తానున్నచోటికంటె పైగా కన్పట్టును. కనుక కంటికి తోచినచోటికి గాక దాని క్రిందికి గురిపెట్టవలెను, ఎంత క్రిందికన్నది నీటి లోతునుబట్టియు, నిలిచిన దూరమునుబట్టియు చేయి తనంతట నేర్చుకొనవలసినదే. దక్షిణ భారతపు కులములను, తెగలను గూర్చి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము పొడవైన ఈటెతో చేపలు పొడుచుటలో ఈ కొండలందలి బగత కులమువారు మిక్కిలి నేర్పరులని చెప్పుచున్నది. 1901 జనాభాలెక్కల నివేదిక వారు దసరానాడు చేపల బుట్టలను, వానితోపాటు త్రిశూలమువంటి ఆయుధ మొకదానిని పూజింతురని వ్రాసి, రెండవదాని కారణము తెలియలేదన్నది. అది వారి చేపలయీటెయే కావచ్చునని థర్‌స్టన్ ఊహ. రైతు నాగలిని, సాలె మగ్గమును పూజించు దేశమున ఆ ఊహకు ప్రమాణము వెదుకనక్కరలేదు.

విషప్రయోగమును మాత్రము నేను మనసార మెచ్చలేను. 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండి మన వృక్షముల వర్ణించిన రాక్స్‌బర్గ్, వాల్సూర చెట్టు పట్టను నీటిలో వైచి చేపలను మత్తెక్కించి పట్టుదురని తెలిపియున్నాడు. మంగకాయను నలుగగొట్టి వైచుటయు కలదు. పారునీటిలో ఆ విషము త్వరలోనే పలుచబడును గాని, కదలని మడుగులో పిల్లయు పెద్దయు భేదములేక తేలును. మావునకున్న సందు దీనికి లేదు. అయినను, నేడు కొందరు ఏటిలో కలుపు పురుగుమందులతోను, ప్రేల్చు మందుగుండుతోను దీనిని సమానము చేయుట అన్యాయము.

పట్టుటయందు ఇంత నేర్పుగలవారు పట్టకుండుటయందు చూపిన నిష్ఠ మత్స్యగుండమువద్ద తెలియును. పాడేరునకు సమీపమున, మాచ్‌ఖండ్ నదిలో, రాళ్లవరుస క్రింద నీరు మాయమై కొంతదూరమున మరల పైకుబుకు చోట నున్న ఈ మడుగును 1907 నాటి విశాఖపట్టణ మండల గెజెటీరులో ఫ్రాన్సిస్ వర్ణించెను. 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ వ్రాసిన హెన్రీ సలివన్ థామస్ వంటి ఆంగ్లేయులు గాలమునకు చిక్కు మీనములలో మేటిగా నెన్నిన మహసీరులు అచట గుంపులుగా, భయమెరుగక, చేతిమేత తిని, వీపు నిమురనిచ్చెడివట. తమ్ము మత్స్యదేశపు రాజుల వంశీయులుగా చెప్పుకొని, చేపయాకారపు రాతిగద్దెపై పట్టాభిషిక్తులై, ధ్వజమున చేపను దాల్చిన మాడుగుల జమీందారులు ఆ మడుగును రక్షించిరి. ఒక బంజారా అందొక చేపను పట్టి కూర వండుకొనగా, చేపలరాజు శాపమున అతడును, వాని బరువుటెద్దులును శిలలైరని కథ. శివరాత్రినాడు చేపలకు మేతపెట్టుట అచటి పూజలో భాగము. ఆ కాలమున అందలి పూజారి బగత. ఈటెకు పేరుగాంచిన కులమువాడే ఈటె తగులరాని మడుగునకు అర్చకుడగుట నాకు విరుద్ధముగా తోచదు. ఎదిగిన చేపలు నిర్భయముగా నుండు మడుగొకటి పైనున్నప్పుడే దాని దిగువ ఏటికి పిల్లలకు కొదువ యుండదని చేపల నెరిగినవానికంటె బాగుగ నెవరెరుగుదురు?

ఇంతటి వివేచనము చట్టములలో చాలకాలము కానరాలేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము రిజర్వు అడవులలో చేపలు పట్టుటను, నీటిలో విషము కలుపుటను, ఉచ్చులు పన్నుటను ఒకే నేరముల వరుసలో చేర్చినది. 1897 నాటి భారత మత్స్యచట్టము ప్రేలుడుపదార్థములను, విషములను నిషేధించి కొంత విచక్షణ చూపినది. తుదకు 2006 నాటి అటవీహక్కుల చట్టము జలాశయములలోని చేపలపై గ్రామసముదాయమునకు గల హక్కును స్పష్టముగా అంగీకరించినది. ఆ హక్కును కోరు పత్రములు గ్రామసభలో సిద్ధమగునపుడు, పోడుభూమి హద్దులకు చూపునంత శ్రద్ధతోనే ఏ వంపున ఎవరి మావు పెట్టుదురో, ఏ మాసమున దాని నోరు ఎటుండునో, ఏ మడుగును వేసవిలో తోడుదురో, దేనిని ముట్టరో, బుట్టలల్లు పెద్దలను కూర్చుండబెట్టి అడిగి వ్రాయవలెను. పటములో ఏటిని నీలిగీతగా గీసి ఊరకుండరాదు.